పైప్ స్లైడర్: గాలిలో వేలాడే మనిషి కడ్డీని ముందుకు ఎలా జరపగలుగుతాడు?

ప్రశ్న – ప్లేనో వాసి

సభ్యులందరికీ నమస్కారం. మేము టెక్సాస్‌లోని ప్లేనోలో ఉంటున్నాము. నాలుగో తరగతి చదువుతున్న మా అమ్మాయి ఇక్కడి ఒక నింజా జిమ్‌లో శిక్షణ పొందుతోంది. దానికి ఈ ఆసక్తి జపాన్ వారి ‘సాసుకే’ అనే అడ్డంకుల టీవీ పోటీ వీడియోలు చూసి కలిగింది. ఆ పోటీలోని మూడో దశ చివర వచ్చే పైప్ స్లైడర్ గురించి నాకు రెండు సందేహాలు ఉన్నాయి.

చూడనివారి కోసం ఆ అడ్డంకిని ముందుగా వివరిస్తాను. ఎత్తులో సమాంతరంగా రెండు పట్టాలు ఉంటాయి. వాటి మీద అడ్డంగా ఒక లోహపు గొట్టం ఆని ఉంటుంది. పోటీదారు దాన్ని రెండు చేతులతో పట్టుకుని వేలాడుతూ, శరీరాన్ని ఊపుతూ గొట్టాన్ని పట్టాల చివరిదాకా జరిపించి, అక్కడి నుంచి ఎదురుగా ఉన్న వేదిక మీదికి దూకాలి. కింద ఉండేది నీరు మాత్రమే.

నా మొదటి సందేహం ఇది. కాళ్లకు నేల అందదు, చేతులకు గొట్టం తప్ప మరో ఆధారం లేదు. దేన్నీ వెనక్కి తన్నకుండా మనిషి తనను తాను ముందుకు ఎలా తీసుకుపోగలుగుతున్నాడు? రెండో సందేహం: మూడు సెంటీమీటర్ల అంచును వేళ్లతో పట్టుకుని క్లిఫ్‌హ్యాంగర్ దాటినవారు, చూడటానికి అంతకంటే తేలికగా కనిపించే ఈ గొట్టం దగ్గరకు వచ్చేసరికి ఎందుకు పడిపోతున్నారు? అది అలసట వల్లనా, మెళకువ తెలియకపోవడం వల్లనా? జిమ్‌లో ఇటువంటి చిన్న అడ్డంకి ఒకటి ఉంది. మా అమ్మాయి దాని మీద ఎంత బలంగా ఊగినా ముందుకు వెళ్లినంత మేరా వెనక్కి వచ్చేస్తోంది. శిక్షకులు పిల్లలతో ఓపికగానే ఉంటారు గాని, కారణం వివరించేంత తీరిక వారికి ఉండటం లేదు. తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు – ఓరుగల్లు మాస్టారు

అమ్మా, మీ మొదటి సందేహం చాలా మంచిది. నేను ఇంటర్మీడియట్ విద్యార్థులకు భౌతికశాస్త్రం చెప్పేవాణ్ని. ఘర్షణ పాఠానికి ఇంతకంటే మంచి ఉదాహరణ వెతికినా దొరకదు.

మనిషి దేన్నీ తన్నడం లేదన్న మాట పూర్తిగా నిజం కాదు. గొట్టం ద్వారా అతడు పట్టాలను నెడుతూనే ఉన్నాడు. పట్టాలు ఘర్షణ రూపంలో తిరిగి అతడిని నెడుతున్నాయి. అసలు ఘర్షణే లేని పట్టాలను ఊహించుకోండి. అప్పుడు శరీరం ముందుకు ఊగితే గొట్టం వెనక్కి జారుతుంది, శరీరం వెనక్కి ఊగితే గొట్టం ముందుకు జారుతుంది, రెండింటి ఉమ్మడి గురుత్వ కేంద్రం మాత్రం అడ్డంగా ఒక్క అంగుళం కూడా కదలదు. అంటే ఆ గొట్టాన్ని ఆపుతున్నట్టు కనిపించే ఘర్షణే నిజానికి మనిషిని ముందుకు తీసుకుపోతోంది.

ఇప్పుడు లెక్కకు వద్దాం. శరీరం నిటారుగా వేలాడుతున్నప్పుడు చేతులు గొట్టాన్ని సూటిగా కిందికి లాగుతాయి. శరీరం ముందుకు ఊగి, చేతులు నిలువు రేఖతో కొంత కోణం చేసినప్పుడు ఆ లాగుడులో ఒక భాగం గొట్టాన్ని కిందికి నొక్కుతుంది, ఇంకొక భాగం ముందుకు లాగుతుంది. గొట్టం బరువును పక్కన పెడితే, ఆ కోణపు టాంజెంట్ విలువ స్థైతిక ఘర్షణ గుణకాన్ని (గొట్టం కదలకుండా ఘర్షణ ఎంత గట్టిగా ఆపగలదో చెప్పే సంఖ్యను) మించిన క్షణంలో గొట్టం కదులుతుంది. గుణకం 0.2 అనుకుంటే ఆ కోణం సుమారు 11 డిగ్రీలు, 0.3 అనుకుంటే సుమారు 17 డిగ్రీలు. ఈ హద్దులో మనిషి బరువుకు చోటు లేదని గమనించండి. ఎంత బలంగా లాగితే గొట్టం మీద అంత ఒత్తిడి కూడా పెరుగుతుంది కనుక, హద్దు కోణం మారదు.

మీ అమ్మాయి ఇబ్బంది ఇక్కడే ఉంది. లోలకం ముందుకు ఎంత ఊగితే వెనక్కి అంతే ఊగుతుంది. ముందుకు 20 డిగ్రీలు ఊగినప్పుడు గొట్టం ముందుకు జారితే, వెనక్కి 20 డిగ్రీలు ఊగినప్పుడు అదే గొట్టం వెనక్కి జారుతుంది. బలంగా ఊగేకొద్దీ రెండు వైపులా జారుడు పెరుగుతుందే తప్ప ప్రయాణం సాగదు. చేయవలసింది ఊపు పెంచడం కాదు, ముందు ఊపుకూ వెనక ఊపుకూ మధ్య తేడా సృష్టించడం. వెనక్కి వెళ్లినప్పుడు హద్దు కోణానికి లోపలే ఉండాలి. శరీరం అడుగు భాగానికి చేరి ముందుకు లేస్తున్న సమయంలో నడుము వంచి, మోకాళ్లు పైకి తెచ్చి, కాళ్లను ముందుకు విసరాలి. అప్పుడు ముందు కోణం హద్దును దాటి గొట్టం జారుతుంది. జారేటప్పుడు ఊపులోని శక్తిలో కొంత ఘర్షణకు ఖర్చవుతుంది కనుక తిరుగు ఊపు సహజంగానే చిన్నదవుతుంది. ఉయ్యాల ఎక్కిన పిల్లలు కాళ్లు ముందుకు చాపి ఊపు తెచ్చుకోవడం లాంటిదే ఇది, కాకపోతే ఇక్కడ ఆ పని ఒక వైపుకే చేసి రెండో వైపు మానుకోవాలి.

పిల్లల విషయంలో ఇంకో రెండు సంగతులు ఉన్నాయి. పైన గొట్టం బరువును వదిలేశాను. నిజానికి దాని బరువు కూడా పట్టాల మీద నొక్కుతుంది, అందువల్ల తేలికైన మనిషికి హద్దు కోణం కొంచెం పెరుగుతుంది. గొట్టం 5 కిలోలు, ఘర్షణ గుణకం 0.2 అనుకుంటే, 70 కిలోల పెద్దవారికి సుమారు 12 డిగ్రీలు చాలిన చోట 25 కిలోల పిల్లకు దాదాపు 14 డిగ్రీలు కావాలి. రెండోది ఊపు కాలం. చేతి పట్టు నుంచి గురుత్వ కేంద్రం దాకా ఉన్న దూరాన్ని లోలకం పొడవుగా తీసుకుంటే, పెద్దవారికి అది రమారమి 1.15 మీటర్లు, ఒక పూర్తి డోలనానికి 2.1 సెకన్ల పైచిలుకు పడుతుంది. చిన్నపిల్లకు 0.75 మీటర్లు అనుకుంటే 1.7 సెకన్లే. టీవీలో చూసిన పెద్దల లయను అనుకరించే పిల్ల ప్రతిసారీ కాళ్లు ఆలస్యంగా విసురుతుంది. మీ అమ్మాయి విషయంలో ఇదే జరుగుతోందని నా అనుమానం. ఫోనులో వీడియో తీసి నెమ్మదిగా నడిపించి చూడండి.

జవాబు – యొకొహామా పాఠకుడు

మాస్టారుగారి వివరణ చదివాక, ఇన్నేళ్లుగా చూస్తున్న దృశ్యాలు కొత్తగా అర్థమవుతున్నాయి. నేను ఉద్యోగరీత్యా జపాన్‌లో ఉంటూ ఈ పోటీని శ్రద్ధగా చూస్తున్నవాణ్ని. రెండో ప్రశ్నకు సంబంధించి పోటీ నిర్మాణం గురించి కొంత చెబుతాను.

సాసుకే 1997లో టీబీఎస్ ఛానల్‌లో మొదలైంది. మొదటి పోటీ ఒక భవనంలో జరిగినా, తర్వాతి నుంచి యొకొహామాలోని మిదొరియామా స్టూడియో ప్రాంగణమే దానికి నెలవుగా మారింది. పోగో ఛానల్‌లో జావేద్ జాఫ్రీ వ్యాఖ్యానంతో మన పిల్లలందరూ చూసిన తకేషీస్ క్యాజిల్ చిత్రీకరించినదీ అక్కడే. సాసుకేలో నూరుగురు పోటీదారులు, నాలుగు దశలు. మొదటి రెండు దశలకూ చివరి దశకూ కాలపరిమితి ఉంటుంది, మూడో దశకు మాత్రం ఉండదు. ఆ దశ పూర్తిగా చేతుల మీద నడిచేది.

నాలుగు దశలూ పూర్తి చేసినవారు ఇన్ని సంవత్సరాలలో వేళ్ల మీద లెక్కపెట్టదగినంత మందే ఉన్నారు. 1999లో మొదటిసారి ఆ ఘనత సాధించిన కజుహికో అకియామా హొక్కైడోలో పీతలు పట్టిన మత్స్యకారుడు, చూపు సరిగా లేనివాడు. 2006లో మకోతో నాగానో గెలిచాడు. ఆయన కూడా చేపల పడవ నడిపేవాడే. యూజీ ఉరుషిహారా చెప్పులు, బూట్లు అమ్మే ఉద్యోగి, రెండుసార్లు గెలిచాడు. యూసుకే మొరిమొతో 2015లోనూ 2020లోనూ గెలిచాడు. వృత్తి క్రీడాకారులు కానివారు తమ పని తాము చేసుకుంటూ ఇంటి దగ్గరే అడ్డంకుల నమూనాలు కట్టుకుని సాధన చేయడం ఈ పోటీలో నాకు అన్నిటికంటే గౌరవం కలిగించే విషయం.

పైప్ స్లైడర్‌ను ఎక్కడ పెట్టారన్నది గమనించాలి. 2015లో మొరిమొతో గెలిచిన నాటి క్రమాన్నే తీసుకుంటే, వేళ్లతో వేలాడుతూ ఒక అంచు నుంచి మరొక అంచుకు దూకే క్లిఫ్‌హ్యాంగర్, ఆ తర్వాత అంతకంటే సన్నని అంచుల వెంట సాగే వర్టికల్ లిమిట్, ఆ రెండూ అయ్యాకే పైప్ స్లైడర్. అదే గొట్టాన్ని మొదటి దశ ఆరంభంలో పెట్టి ఉంటే చాలామంది సులువుగా దాటేవారేమో. నిర్మాతలు దాన్ని చివర పెట్టడంలో గొప్ప ఆలోచన ఉంది: చేతుల్లో శక్తి అడుగంటిన సమయంలో బలాన్ని కాక నిగ్రహాన్ని అడిగే పనిని ముందు ఉంచారు. అలసిన మనిషికి తొందర పుడుతుంది, తొందరపడినవాడు పెద్ద ఊపులు వేస్తాడు, పెద్ద ఊపు గొట్టాన్ని వెనక్కి తీసుకుపోతుంది.

దీన్ని సామన్ లాడర్‌తో పోల్చి చూడండి. 2007లో సాసుకే రెండో దశలో ప్రవేశించి, ఆ తర్వాత దాని అమెరికా రూపమైన అమెరికన్ నింజా వారియర్‌లోనూ ప్రసిద్ధికెక్కిన అడ్డంకి అది. అక్కడ కడ్డీని ఒక జత కొక్కేల నుంచి పైనున్న జతకు ఒక్క ఉదుటున ఎగరేయాలి, ఒక్క క్షణం బరువంతా కడ్డీ మీద నుంచి తొలగిపోవాలి. దూకుడుగా చేసినవారికే అది లొంగుతుంది. పైప్ స్లైడర్‌కు ఆ స్వభావం పనికిరాదు. ప్రేక్షకులు మాత్రం రెండింటినీ కడ్డీ ఆటలుగానే చూస్తారు.

జవాబు – బండరాళ్ల బాట

నేను హైదరాబాద్ చుట్టుపక్కల గ్రానైట్ బండల మీద ఎక్కడం నేర్చుకుని, ఇప్పుడు అదే నేర్పుతున్నాను. పై ఇద్దరి మాటలనూ గౌరవిస్తూనే, అలసటను కేవలం మనసుకు సంబంధించిన విషయంగా చూడటం సరికాదని చెప్పదలచుకున్నాను.

ముంజేతి కండరాలు గట్టిగా బిగిసి ఉన్నంతసేపూ వాటిలోని రక్తనాళాలు నొక్కుకుపోయి ఉంటాయి. రక్తప్రసారం తగ్గుతుంది, ముంజేయి బిరుసెక్కుతుంది, చివరకు వేళ్లు మన ఆజ్ఞ లేకుండానే విచ్చుకుంటాయి. బండ ఎక్కేవారు ఒక చేత్తో పట్టు నిలుపుకుని రెండో చేతిని కిందికి వదిలి విదిలించుకుంటూ కోలుకుంటారు. క్లిఫ్‌హ్యాంగర్‌లో కూడా అంచు కదలదు కనుక కొంతవరకు ఆ అవకాశం ఉంది. పైప్ స్లైడర్ ఆ వెసులుబాటును తీసేసింది. ఒక చేయి వదిలితే బరువంతా గొట్టానికి ఒక పక్కన పడుతుంది, గొట్టం వంకరగా తిరిగి ఒక కొన ముందుకూ మరో కొన వెనక్కూ పోయి పట్టాల మధ్య బిగుసుకుపోతుంది. కాలపరిమితి లేకపోవడం వరంగా కనిపిస్తుంది గాని, వేలాడుతున్నవాడికి అతని ముంజేతులే గడియారం.

పట్టు తీరులో కూడా తేడా ఉంది. సన్నని అంచు మీద పని వేళ్ల కొనలది, గుండ్రని గొట్టం మీద అరచేయి, బొటనవేలు కూడా కలిసి పనిచేయాలి. పైగా నున్నని లోహం. ముందు అడ్డంకుల్లో పట్టిన చెమట అక్కడ పగ తీర్చుకుంటుంది. అప్పటికే వేళ్లను వంచే కండరాలు అలసిపోయి ఉంటాయి కాబట్టి పట్టు మార్చినంత మాత్రాన విశ్రాంతి దొరకదు.

కనుక మాస్టారుగారు చెప్పిన చిన్న ఊపుల పద్ధతిని యథాతథంగా పాటిస్తే కొత్త చిక్కు వస్తుంది: ఊపులు చిన్నవైతే వాటి సంఖ్య పెరుగుతుంది, సంఖ్య పెరిగితే వేలాడే కాలం పెరుగుతుంది. నిపుణులు చేసేది మధ్యేమార్గం. మొదటి ఊపులోనే వారు గొట్టం ఏ కోణం దగ్గర కదులుతుందో చేతులతో పసిగడతారు, ఆ తర్వాత ప్రతి ఊపునూ ఆ హద్దుకు సరిగ్గా పైన ఉంచుతారు, వెనక ఊపులో మోచేతులను కొద్దిగా వంచి శరీరాన్ని గొట్టానికి దగ్గర చేసి నిలువరిస్తారు. రెండు చేతులూ మధ్య నుంచి సమాన దూరంలో ఉన్నాయా లేదా అన్నది ఎక్కిన వెంటనే సరిచూసుకుంటారు.

ప్లేనో వాసి గారూ, మీ అమ్మాయికి నేను సూచించేది ఇది. ముందుగా కదలని కడ్డీ మీద వేలాడి, భుజాలను చెవుల దాకా జారనివ్వకుండా వీపు కండరాలతో కిందికి దించి ఉంచడం అలవాటు చేసుకోవాలి. అది వచ్చాక మోకాళ్లు లేపడం, ముందుకు విసరడం అదే కడ్డీ మీద నేర్చుకోవాలి. ఆ లయ కుదిరిన తర్వాతే జారే గొట్టం దగ్గరకు వెళ్లాలి. ఎదిగే వయసు పిల్లల వేళ్ల ఎముకల చివర పెరుగుదల ఫలకాలు ఉంటాయి. సన్నని అంచుల మీద పదేపదే వేలాడితే వాటికి దెబ్బ తగిలే ప్రమాదం ఉంది. లావుపాటి గొట్టం ఆ విషయంలో మేలు. అరచేతిలో చర్మం వేడెక్కి లాగుతున్నట్టు అనిపించగానే ఆ రోజుకు ఆపించండి.

ప్రశ్నకర్త – ప్లేనో వాసి

మాస్టారూ, మీ మాట ప్రకారం వీడియో తీసి నెమ్మదిగా చూశాము. మీరు అన్నట్టే అమ్మాయి కాళ్లు విసరడం ఆలస్యమవుతోంది. శరీరం ముందుకు లేచి ఆగిపోయే క్షణంలో విసురుతోంది. మీకూ, మిగిలిన ఇద్దరికీ ధన్యవాదాలు. ఈ సంగతి దానికి చెబితే వెంటనే అర్థం చేసుకుంది.

2014లో ఇక్కడి డాలస్‌లో జరిగిన అమెరికన్ నింజా వారియర్ పోటీలోనే కేసీ కాటన్‌జారో వంపు గోడ (పరుగెత్తుకుంటూ ఎక్కవలసిన ఎత్తైన వంపు తిరిగిన గోడ) ఎక్కిన తొలి మహిళగా నిలిచి, ఆ తర్వాత నగర ఫైనల్స్ కోర్సును కూడా పూర్తి చేసింది. ఐదడుగుల ఎత్తు మాత్రమే ఉన్న ఆ జిమ్నాస్ట్ వీడియోను మా ఇంట్లో ఎన్నిసార్లు చూశారో చెప్పలేను. ఎత్తు లేదన్న బెంగ మా అమ్మాయికి అందుకే లేదు.

ఇంకొక్క ప్రశ్న. పట్టాల చివరికి చేరినవారు కూడా వేదిక మీదికి దూకేటప్పుడు తక్కువ దూరంలో పడిపోవడం చూస్తుంటాము. అప్పటికి గొట్టం జరపవలసిన అవసరం లేదు, ఒక్క దూకు చాలు. అక్కడ ఏమవుతోంది?

జవాబు – ఓరుగల్లు మాస్టారు

అమ్మా, అడ్డంకి మొత్తంలో అత్యంత కఠినమైన చోటు అదేనని నా అభిప్రాయం. పట్టాల చివర గొట్టాన్ని ముందుకు పోనివ్వని అడ్డు ఉంటుంది గాని, వెనక్కి పోకుండా ఆపేది ఏదీ ఉండదు. దూరం దూకాలంటే పెద్ద ఊపు కావాలి. పెద్ద ఊపు కోసం శరీరం బాగా వెనక్కి వెళ్లినప్పుడు కోణం హద్దు దాటి గొట్టం వెనక్కి జారుతుంది. అంటే దూకవలసిన దూరం పెరిగింది. తిరిగి ముందుకు వచ్చేటప్పుడు గొట్టం ముందుకు జారి అడ్డుకు ఠక్కున తగులుతుంది, ఆ కుదుపుకు అలసిన పట్టు సడలుతుంది. మూడు నష్టాలు ఒకే ఊపులో జరుగుతాయి, ఎందుకంటే వెనక్కి జారడంలో ఊపు శక్తి కొంత వృథాగా పోతుంది కూడా.

అందుకని గొట్టాన్ని అడ్డుకు ఆనించి, వెనక ఊపును హద్దు లోపలే ఉంచి, ముందు సగంలో మాత్రమే కాళ్ల విసురుతో వేగం తెచ్చుకోవాలి. ముందు సగంలో గొట్టం అడ్డుకు ఒత్తుకుని ఉంటుంది కనుక అది స్థిరమైన కడ్డీతో సమానం, అక్కడ పెట్టిన శ్రమ వృథా కాదు. చేయి వదలవలసిన క్షణం కూడా ముఖ్యం. ఊపు శిఖరాన వేగం సున్నా. అక్కడ వదిలినవారు నిట్టనిలువుగా కిందికి పడతారు. శిఖరానికి కొంచెం ముందే, శరీరం ఇంకా ముందుకూ పైకీ కదులుతుండగానే వదలాలి. వదలడానికి భయపడి ఆఖరి క్షణం దాకా పట్టుకునేవారే ఎక్కువగా నీటిలో పడతారు.

జవాబు – బండరాళ్ల బాట

మాస్టారుగారి చివరి మాటకు చిన్న చేర్పు. వదిలే క్షణం అభ్యాసం చేయించేటప్పుడు మొదట గొట్టాన్ని పట్టాలకు కట్టేయమని శిక్షకులను అడగండి, దిగే చోట మందమైన పరుపు వేయించండి. కదలని గొట్టం మీద సరైన క్షణంలో వదలడం అలవాటయ్యాక కట్టు విప్పి, అదే ఊపును సగానికి తగ్గించి చేయించాలి. రెండు చేతులూ ఒకేసారి వదలడం తప్పనిసరి. ఒక చేయి వెనకబడితే శరీరం పక్కకు తిరిగి చీలమండ మీద భారం పడుతుంది.

జవాబు – యొకొహామా పాఠకుడు

ఈ చర్చ చదువుతున్న ఇతర తల్లిదండ్రులకు కూడా ఉపయోగపడుతుందని ఒక విషయం చెబుతున్నాను. ఐదు క్రీడలు కలిసిన ఆధునిక పెంటాథ్లాన్‌లో గుర్రపు స్వారీ స్థానంలో అడ్డంకుల పరుగును ప్రవేశపెట్టారు. 2028 లాస్ ఏంజెలస్ ఒలింపిక్స్‌లో అది తొలిసారి కనిపించబోతోంది. టీవీ పోటీల ప్రభావంతో రూపుదిద్దుకున్న ఆ పరుగులో చేతులతో వేలాడుతూ దాటే అడ్డంకులు ఉన్నాయి, చివర వంపు గోడ ఉంది. అక్కడ గడియారం నడుస్తుంది కనుక పైప్ స్లైడర్ లాంటి నిదానమైన అడ్డంకికి చోటు దొరకకపోవచ్చు. ఊపు లయను కాళ్లతో నియంత్రించడం, రెండు చేతులూ ఒకేసారి వదలడం మాత్రం ఆ కోర్సులోనూ కావలసిన విద్యలే. మన రాష్ట్రాల్లో జిమ్నాస్టిక్స్, రాక్ క్లైంబింగ్ నేర్పే శిక్షకులు దీన్ని ఇప్పటి నుంచే పరిశీలించాలని నా కోరిక.

ప్రశ్నకర్త – ప్లేనో వాసి

గొట్టాన్ని పట్టాలకు కట్టి సాధన చేయించడానికి జిమ్ వారు ఒప్పుకున్నారు. కాళ్లు ఎప్పుడు విసరాలో మా అమ్మాయి ‘ఒకటి, రెండు’ అని పైకి లెక్కపెట్టుకుంటూ నేర్చుకుంటోంది. దాని ఊపు కాలాన్ని సెల్‌ఫోనులో కొలిచి చూశాను. మాస్టారుగారు చెప్పిన 1.7 సెకన్లకు చాలా దగ్గరగానే వచ్చింది.